కొద్దిపాటి క్రిములనూ పట్టే ట్రూనాట్

పెదపారుపూడి లాంటి ఊళ్లో రెండు వారాలుగా దగ్గుతున్న మనిషి తెమడ ఇచ్చాడనుకుందాం. దానికి రంగువేసి మైక్రోస్కోపు కింద చూస్తే, ఒక మిల్లీలీటరులో 5,000 నుంచి 10,000 దాకా క్షయ (టీబీ) క్రిములుంటేనే అవి కంటబడతాయి. అంతకు తక్కువైతే చీటీ మీద ‘నెగటివ్’ అని రాసేస్తారు. 1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని లోకానికి చూపించాక వందేళ్లకు పైగా పల్లెలకు అందిన పరీక్ష ఇదే.

దానివల్ల నష్టపోయింది ఎవరు? పసిపిల్లలు తెమడ ఉమ్మలేరు, మింగేస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారి తెమడలో క్రిములు తరచూ కొద్దిగానే ఉంటాయి. మెడ గడ్డల నుంచి, వెన్నునీటి నుంచి తీసిన నమూనాల్లోనూ అంతే. అందరికంటే ముందు మందు పడాల్సినవారికే పరీక్ష రోగం లేదని చెప్పేది. ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూడొచ్చు గానీ, అది ఒకటి రెండు కావడానికే 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. ఫలితం రావడానికి వారాలు పడుతుంది.

క్రిమిని వెతకడం మాని దాని డీఎన్‌ఏను పెంచి చూడడంతో దారి దొరికింది. పీసీఆర్ అనే ఈ పద్ధతిలో ప్రతి చుట్టుకీ డీఎన్‌ఏ ముక్క రెట్టింపవుతుంది. 30 చుట్లు సవ్యంగా సాగితే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. ఈ సూత్రంతో నడిచే జీన్‌ఎక్స్‌పర్ట్‌ను 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. గొప్ప యంత్రమే. కానీ దానికి నిలకడైన కరెంటు కావాలి, చల్లని గది కావాలి. మే నెల ఉక్కపోతలో కృష్ణా డెల్టా పల్లెలో అవి ఎక్కడివి?

బెంగళూరులోని బిగ్‌టెక్ సంస్థలో చంద్రశేఖర్ నాయర్ బృందం ఆ ఇబ్బందులను దృష్టిలో పెట్టుకునే ట్రూనాట్‌ను తయారుచేసింది. గోవాకు చెందిన మోల్‌బయో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఒక చిన్న పెట్టె తెమడ నుంచి డీఎన్‌ఏను తీస్తుంది, రెండోది చిప్ మీద దాన్ని పెంచి చూస్తుంది. రెండూ బ్యాటరీతో నడుస్తాయి, ఏసీ అక్కర్లేదు. చిప్ మీది రసాయనాలు ఎండబెట్టినవి కాబట్టి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. మిల్లీలీటరులో సుమారు 100 క్రిములున్నా పట్టగలదు. గంట చిల్లరలో ఫలితం వస్తుంది. క్రిమి ఉందని తేలితే, టీబీకి వాడే రిఫాంపిసిన్ మందు దాని మీద పనిచేస్తుందో లేదో మరో చిప్ చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నీ ఆమోదించింది.

ఈ యంత్రాన్ని పెద్దఎత్తున వాడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు, టీబీ కోసం తెచ్చిన ట్రూనాట్‌లనే ఇక్కడ కరోనా పరీక్షలకు మళ్లించారు. ప్రాణాపాయంలో అది సరైన నిర్ణయమే. కానీ కోవిడ్ కాలంలో టీబీ వెనకబడింది. దేశంలో 2019లో దాదాపు 24 లక్షల టీబీ కేసులు నమోదైతే, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. రోగం తగ్గి కాదు, పరీక్షలు తగ్గి.

ఒక చిక్కు ఉంది. చచ్చిన క్రిమికీ డీఎన్‌ఏ ఉంటుంది. కాబట్టి రోగం నయమైనా ట్రూనాట్‌లో పాజిటివ్ రావచ్చు. అందుకే గతంలో టీబీ మందులు వాడినవారు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, పరీక్ష ఉచితం. మైక్రోస్కోపులో నెగటివ్ వచ్చినా దగ్గు, జ్వరం తగ్గకపోతే, ‘ట్రూనాట్ చేయండి’ అని గట్టిగా అడగండి.