విడిది ఎక్కడ?
జగిత్యాల – కోరుట్ల – సిరిసిల్ల

యాత్రకు సిద్ధపడేవారు ఏయే స్థలాలు చూడవలెనో మొదట నిశ్చయించుకొంటారు. రాత్రి ఎక్కడ తల దాచుకోవలెనన్న ఆలోచన వారికి చివరకు గాని రాదు. ఉదయం బయలుదేరి సాయంకాలానికి మళ్లీ ఒకే గూటికి చేరుకొనే యాత్రలో ఈ క్రమం తారుమారు కావలెను. విడిది సరిగా కుదిరితే యాత్రలో సగం నెరవేరినట్లే.

ఆల్ప్స్ పర్వతాల దేశమైన స్విట్జర్లండుకు పోయేవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడ ఇదే. జూరిచ్ పెద్ద నగరం. లుసెర్న్ సరస్సు ఒడ్డున ఉన్నది. ఇంటర్లాకెన్ మంచుకొండల పాదాన ఉన్నది. బెర్న్ నగరం పలు రైలుమార్గాల కూడలి. కొండల సౌందర్యమే కావలెననుకొనేవాడు ఇంటర్లాకెన్‌లో దిగవచ్చును. దినమొక దిక్కుకు పోయి రావలెననుకొనేవానికి బెర్న్ మేలు. అక్కడ 1982 నుంచి దేశమంతటా రైళ్లు నియమిత వ్యవధిలో నడుస్తున్నవి. ఒక బండి తప్పినా మరొక బండి ఎప్పుడు వస్తుందో ముందే తెలుసును. మన పల్లెదారులలో ఆ సౌకర్యం లేదు. చివరి బస్సు తప్పితే రాత్రంతా చిక్కే. కనుక విడిదిని ఎన్నుకోవడంలో వారికంటె మనకే ఎక్కువ జాగ్రత్త అవసరం.

మన ప్రాంతంలో ఈ ఎన్నికకు మరొక కారణం కూడ కలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వేలాదిమంది గల్ఫు దేశాలకు పనికి పోయినారు. రెండేండ్లకో మూడేండ్లకో సెలవు మీద వచ్చే కొడుకు కోసం తల్లి మొక్కులు దాచి ఉంచుతుంది: వేములవాడ రాజన్నకు కోడె, కొండగట్టు అంజన్న దర్శనం, ధర్మపురిలో గోదావరి స్నానం. సెలవు దినాలు లెక్కకు వచ్చినవే. తల్లి మోకాళ్లకా మునుపటి బలం లేదు. అట్టి ఇంటికి ఒక దినం దారిలో వృథా కావడమంటే చిన్న విషయం కాదు.

విడిది ఊరిని మూడు విషయాలలో పరీక్షించవలెను. ఆ ఊరిలో ఎన్ని దారులు కలుస్తున్నవి? పొద్దు గూకకముందే అక్కడికి తిరిగి రాగలమా? వృద్ధులకు హఠాత్తుగా నలత చేస్తే వైద్యుడు దొరుకుతాడా?

ముందుగా కోరుట్ల. నిజామాబాదు నుంచి ఆర్మూరు, మెట్‌పల్లి మీదుగా వచ్చే 63వ జాతీయ రహదారి ఈ పట్టణం గుండా పోతుంది. పెద్దపల్లి – నిజామాబాదు రైలుమార్గం మీద ఇక్కడ స్టేషను కూడ ఉన్నది. పడమటి నుంచి వచ్చేవారికి దిగడానికి ఇది అనుకూలం. కాని ధర్మపురికి గాని, కొండగట్టుకు గాని పోవలెనంటే సాధారణంగా జగిత్యాల మీదుగానే పోవలెను. కోరుట్ల నుంచి జగిత్యాలకు సుమారు 25 కిలోమీటర్లు. అనగా దినానికి పోను రాను 50 కిలోమీటర్లు అదనం. మూడు దినాలకు 150. ఒక పూట దారిలోనే కరిగిపోయినట్లు.

సిరిసిల్ల మానేరు ఒడ్డున వెలసిన మరమగ్గాల పట్టణం. వేములవాడకు ఇక్కడినుంచి సుమారు 12 కిలోమీటర్లే. ఆ ఒక్క క్షేత్రానికే వచ్చేవారికి ఇంతకంటె అనువైన పట్టణం లేదు. అయితే ధర్మపురి ఇక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరం. గోదావరి స్నానానికి పోయిన వృద్ధులను అదే దినం వెనుకకు తీసుకొని రావడం వారిని శ్రమపెట్టడమే.

ఇక జగిత్యాల. కోరుట్ల నుంచి వచ్చే 63వ రహదారి ఇక్కడినుంచి ధర్మపురి దిక్కుగా సాగుతుంది. కరీంనగరుకూ వరంగల్లుకూ పోయే 563వ రహదారి ఇక్కడే మొదలవుతుంది. ఊరి రైలుస్టేషను లింగంపేటలో ఉన్నది. 2016 అక్టోబరు నుంచి ఇది జిల్లా కేంద్రం. ఆసుపత్రులు, భోజనవసతులు కలవు. మూడు పరీక్షలలోనూ నెగ్గేది ఇదే.

వచ్చిన దినం అలసట తీర్చుకొని ఊరిలోని కోటను చూడవచ్చును. నక్షత్రాకారంలో కందకంతో కట్టిన ఈ కోట మన ప్రాంతంలో అరుదైన రీతి. ఎలగందుల పాలకుడు ఇబ్రహీంఖాన్ ధంసా కొరకు జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1747లో దీనిని నిర్మించినారని, వారి పేర్లే ఊరికి వచ్చినవని చెప్పుకొంటారు. పట్టణానికి సమీపంలోనే పొలాస ఉన్నది. కాకతీయ రెండవ ప్రోలరాజుతో తలపడిన పొలవాస పాలకుల రాజధాని అది. అక్కడి పౌలస్త్యేశ్వరాలయం చూడదగినది. ‘జగిత్యాల సన్నాలు’ అనే వరి వంగడం పుట్టిన వ్యవసాయ పరిశోధన స్థానం కూడ పొలాసలోనే ఉన్నది.

రెండవ దినం ధర్మపురి. సుమారు 30 కిలోమీటర్ల దారి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే స్నానం, లక్ష్మీనృసింహుని దర్శనం ముగుస్తవి. యమధర్మరాజుకు ఇక్కడ ప్రత్యేకమైన ఆలయం ఉన్నది. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని నానుడి. నరసింహ శతకకర్త శేషప్ప కవి ఈ ఊరివాడే. ఓపిక గలవారు మధ్యాహ్నం గోదావరి వెంబడి కోటిలింగాలకు పోవచ్చును. అక్కడ శ్రీముఖ శాతవాహనుని నాణేలే గాక అతనికి పూర్వపు పాలకుల నాణేలు కూడ దొరికినవి. కంటికి కనిపించేవి మట్టిదిబ్బలే. చరిత్ర తెలిసినవారికి అవే తీర్థం.

మూడవ దినం కొండగట్టు. దారి 15 కిలోమీటర్లే గనుక పూటలో తిరిగి రావచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. 2018 సెప్టెంబరు 11న ఈ ఘాట్‌రోడ్డు మీద బస్సు లోయలో పడి యాభైమందికి పైగా మరణించినారు. ఆ బస్సులో పరిమితికి మించి జనం ఉన్నారు. కిక్కిరిసిన బండి ఎక్కవద్దు. తరువాతి బండి కొరకు కాచుకొని ఉండండి. దగ్గరలోనే విడిది ఉన్నవారికి ఆ మాత్రం ఓపిక సాధ్యమే. తిరుగుదారిలో తొందర లేకపోవడమే మంచి విడిది ఇచ్చే మొదటి వరం.

నాలుగవ దినానికి మాత్రం విడిది మార్చవలెను. జగిత్యాల నుంచి వేములవాడ సుమారు 50 కిలోమీటర్లు. సోమవారాలలోనూ, మేడారం జాతరకు ముందు దినాలలోనూ అక్కడ కోడె మొక్కుకు గంటల తరబడి నిలబడవలసి వస్తుంది. అదే దినం మరలి రావలెనన్న తొందరలో దర్శనం చెడుతుంది, ప్రయాణమూ చెడుతుంది. కనుక సామాను తీసుకొనే పోయి ఆ రాత్రి వేములవాడలోనో సిరిసిల్లలోనో ఉండవలెను. ఆలయ విస్తరణ పనుల వల్ల దర్శనపు ఏర్పాట్లు మారే అవకాశం కలదు. ముందే విచారించుకోవడం మంచిది. పంపకవిని ఆదరించిన రెండవ అరికేసరి ఏలిన రాజధాని ఈ వేములవాడయే. మరునాడు సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు విని, నేతగాని చెమట ఎంత గుడ్డ అవుతుందో పిల్లలకు చూపించి ఇల్లు చేరవచ్చును.

మూడు రాత్రులు జగిత్యాల, ఒక రాత్రి వేములవాడ లేక సిరిసిల్ల: ఇదీ లెక్క. దీనికి తోడు ఒక దినం ఏ పనీ పెట్టుకోకుండ ఖాళీగా ఉంచుకోండి. వాన పడినా, తల్లికి కాళ్లనొప్పి వచ్చినా ఆ దినం అక్కరకు వస్తుంది. అట్టిదేమీ జరగకపోతే ఆ దినం కొడుకు తల్లి దగ్గర కూర్చుండడానికి మిగులుతుంది. సెలవు మీద వచ్చినవానికి అంతకంటె పుణ్యదినం వేరొకటి ఉండదు.