జబ్బ పట్టేసిందా? కీలు సంగతి తెలుసుకోండి

వెనక్కి చెయ్యి పెట్టి జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, జడ వేసుకోలేకపోవడం, అటకమీది డబ్బా అందకపోవడం... ఇవన్నీ వయసుతో వచ్చేవేలే అని సరిపెట్టుకునే ఆడవాళ్ళు ఎందరో! గాంధీనగర్‌లో ఫిజియోథెరపిస్టుగా నేను చూసే భుజం నొప్పుల్లో నలభై, అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళవే ఎక్కువ. "జబ్బ పట్టేసిందమ్మా" అని కొందరంటే, "రెక్క లేస్తలేదు మేడమ్" అని కొందరంటారు. మాట వేరైనా బాధ ఒకటే. నాలుగైదు నెలలు ఓర్చుకుని, ఇక తప్పనప్పుడు వస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది.

చెంచాలో నిమ్మకాయ

తుంటిలాగే భుజానిదీ బంతిగిన్నె కీలు. తుంటిలో గిన్నె లోతుగా ఉంటుంది. భుజంలో గిన్నెకి లోతు చాలా తక్కువ. చిన్నప్పుడు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తిన పందెం గుర్తుందా? అచ్చం అలాగే. అందుకే అన్ని కీళ్ళకన్నా ఎక్కువగా తిరిగేదీ భుజమే, తేలిగ్గా తప్పేదీ భుజమే. ఆ నిమ్మకాయ జారకుండా నాలుగు చిన్న కండరాలూ, సంచిలాంటి ఒక పొరా చుట్టూ పట్టి ఉంచుతాయి. ఈ పొర చంకవైపు మడతలుగా, వదులుగా ఉంటుంది. చెయ్యి ఎత్తితే మడతలు విప్పుకుంటాయి. ఆ పొర వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతే కీలు బిగుసుకుంటుంది. దీనికి 'ఫ్రోజెన్ షోల్డర్' అని 1934లో పేరు పెట్టింది అమెరికా సర్జన్ కాడ్‌మన్.

అద్దం ముందు చూసుకోండి

చెయ్యి పూర్తిగా ఎత్తితే సుమారు 180 డిగ్రీలు. అందులో 120 బంతి కీలువి, 60 వీపుమీది రెక్క ఎముకవి అని 1944లో ఇన్‌మన్, ఆయన సహచరులు లెక్కకట్టారు. మనిషి మనిషికీ ఈ లెక్క కాస్త మారుతుంది. కీలు బిగుసుకుంటే రెక్క ఎముకే భారమంతా మీద వేసుకుంటుంది. అందుకే చెయ్యి ఎత్తబోతే భుజం మొత్తం చెవి దగ్గరికి లేస్తుంది.

ఇప్పుడు మోచేతులు వంచి నడుముకి ఆనించి, ముంజేతులు బయటికి తిప్పండి. రెండోవాళ్ళు మెల్లగా తిప్పినా తిరగకపోతే బిగుసుకున్నది కీలు కావచ్చు. వాళ్ళు తిప్పితే తిరిగి, మీ అంతట మీకు రాకపోతే కండరం సంగతి చూడాలి. ఏదైనా డాక్టరు చూసి తేల్చాల్సిందే.

షుగర్ పరీక్ష మరవొద్దు

ఒకావిడ ఆరునెలలు నైటీలతోనే గడిపేసింది. హుక్కులు పెట్టమని కోడల్ని అడగడానికి మొహమాటం! పెళ్ళిళ్ళకి వెళ్ళడం కూడా మానేసింది. రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బయటపడింది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి ఈ బాధ ఎక్కువ. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాళ్ళూ, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళూ కూడా జాగ్రత్తగా ఉండాలి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

* ముందు పది నిమిషాలు వేడి కాపడం పెట్టుకోండి.
* బాగున్న చేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, నొప్పి చేతిని గంట లోలకంలా మెల్లగా ఊపండి.
* గోడమీద వేళ్ళని చీమ పాకినట్టు పైకి పాకించండి. రోజూ అందినచోట పెన్సిలు గీత పెట్టండి.
* మోచేతులు నడుముకి ఆనించి, రెండు చేతులతో గొడుగు అడ్డంగా పట్టుకుని, నొప్పి చేతిని బయటికి నెట్టండి.
* జాకెట్టు తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ముందు హుక్కులవి కుట్టించుకోండి.

కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదుసార్లు చెయ్యండి. చేశాక నొప్పి గంటలతరబడి నిలిస్తే మోతాదు ఎక్కువైనట్టే. నొప్పి తీవ్రంగా ఉన్న దశలో బలవంతంగా లాగించుకోవద్దు, గట్టిగా మర్దనా చేయించుకోవద్దు. అవసరమైతే డాక్టరు కీలులోకి ఇంజెక్షన్ ఇస్తారు. షుగర్ ఉంటే ఆ మాట ముందే చెప్పండి, కొన్నాళ్ళు షుగర్ పెరగవచ్చు.

నొప్పి, బిగుతు, వదులవడం అని ఇది మూడు దశల్లో సాగుతుంది. ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. అదే పోతుందని వదిలేస్తే కొందరికి బిగుతు మిగిలిపోతుంది. కాబట్టి జడ వేసుకోవడం కష్టమైన నాడే ఇంట్లో చెప్పండి. ఇంకొక్క మాట. భుజం నొప్పితోపాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది కీలు సంగతి కాకపోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.