మర్రి నీడన ఇరవై నిమిషాలు

ఇంట్లో ఒకరికి ఆపరేషన్ తేదీ ఖరారైంది. పిల్లాడి ఎంట్రన్స్ ఫలితం రావాల్సి ఉంది. కంపెనీలో ఉద్యోగాలు తీసేస్తున్నారన్న మాట వినిపిస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను అంటుకోదు. ఉదయం బీపీ చూసుకుంటే 150 దాటుతుంది. ఇలా వచ్చినవారితో పరీక్షలు, మందుల సంగతి మాట్లాడాక నేను ఒక ప్రశ్న అడుగుతాను. ‘ఫోన్ పక్కన పెట్టి చెట్టు కింద కూర్చుని ఎన్నాళ్లయింది?’

చాలామంది నవ్వేస్తారు. కొందరు మాత్రం ‘మొన్న ఆదివారమే మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు వెళ్లొచ్చాం డాక్టర్‌గారూ’ అంటారు. ఏం చేశారంటే డీజే, బిర్యానీ, స్విమ్మింగ్ పూల్, రీల్స్, తిరుగు దారిలో ట్రాఫిక్. సరదాగా గడపడం తప్పని అనను. కానీ అలసిన నరాలు కోరేది అది కాదు.

శరీరంలో జరిగేదేమిటి?

ఆందోళనలో ఉన్నప్పుడు శరీరం ఏదో ప్రమాదం ముంచుకొస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం, బీపీ, షుగర్ కూడా పెరుగుతాయి. ప్రమాదం తప్పగానే ఇవి తగ్గాలి. వారాల తరబడి తగ్గకపోతేనే నిద్ర చెడుతుంది, కడుపు మండుతుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. పచ్చదనం మధ్య నింపాదిగా గడిపితే, శరీరాన్ని శాంతపరిచే పారాసింపథెటిక్ నాడీ వ్యవస్థకు పని చేసుకునే వీలు దొరుకుతుంది.

2019లో అమెరికాలోని మిచిగన్ పరిశోధకులు నగరవాసుల లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచారు. ప్రకృతిలో 20 నుంచి 30 నిమిషాలు గడిపినప్పుడు అది అత్యంత వేగంగా తగ్గింది. ఆ సమయంలో ఫోన్, కబుర్లు, పుస్తకం, ఆయాసపడే వ్యాయామం ఏవీ ఉండకూడదన్నది అక్కడి నిబంధన. మనవాళ్లు మరిచిపోయేది సరిగ్గా దాన్నే. అదే ఏడాది ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలను పరిశీలించారు. వారానికి కనీసం రెండు గంటలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయట తిరుగుతారేమో అన్న సందేహానికి ఇలాంటి సర్వే పూర్తి జవాబు ఇవ్వలేదు, నిజమే. అయినా ఖర్చు లేని ఈ పనిని ప్రయత్నించడానికి అంత ఆధారం చాలు.

దూరం వెళ్లక్కర్లేదు

హైదరాబాద్‌కు పడమరగా మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్తే బీజాపూర్ రహదారికి రెండు పక్కలా వందలాది మర్రి చెట్లున్నాయి. ఊడలు దిగి, కొమ్మలు కలిసి, కొన్నిచోట్ల దారికి పందిరి వేసినట్టుంటుంది. పండ్లు పండినప్పుడు చెట్టంతా పిట్టల సంతే. వానలు వెనక్కి తగ్గేవేళకు బీళ్లలో తంగేడు, గునుగు పూస్తాయి. చిలుకూరు పక్కనే మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కూడా దగ్గరే. పొద్దుగూకే వేళ గండిపేట నీళ్లను చూస్తూ కూర్చుంటే చాలు, ఎవరూ ధ్యానం నేర్పనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. హైవే పక్కన కారు ఆపి మర్రి కింద సెల్ఫీ దిగకండి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయిన రోడ్డు ఇదే. ఈ దారి విస్తరణ మీద ఏళ్లుగా వాదన నడిచింది. చెట్లను కాపాడాలని కోరేవారు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ప్రమాదాల్లో నలిగిన శరీరాలను చూసే డాక్టరుగా రోడ్డు వెడల్పు కావాలనే అంటాను. నిద్ర కరవైన మనుషులను చూసే డాక్టరుగా ఆ చెట్లు ఉండాలనీ అంటాను. రెండూ ఆరోగ్యం లెక్కలోకే వస్తాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం నాకు మింగుడు పడదు. మీరు మాత్రం ఊళ్లోకి వెళ్లే చిన్న దారి పట్టి, బండి దూరంగా నిలిపి కూర్చోండి. జలాశయాల నీళ్లలోకి దిగకండి. ఎండ ముదరకముందే వెళ్లండి. పుప్పొడి, దుమ్ము పడని ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ వెంట ఉంచుకోండి.

చెట్టు నీడ మందుకు తోడే గానీ మందుకు బదులు కాదు. మనసు తేలికపడిందని బీపీ, షుగర్ మాత్రలు మానేయకండి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, ఏ పని మీదా ఇష్టం లేకపోయినా డాక్టరును కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

చేవెళ్ల దాకా వెళ్లే వీలు లేనివారి మాటేమిటి? ముఖ్యంగా ఆసుపత్రిలో రోగి పక్కన రోజుల తరబడి కూర్చునే ఇంటివాళ్లు? 1984లో రోజర్ అల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది వివరాలు ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారి కంటే కొంచెం ముందే ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులూ వాళ్లకు తక్కువే పట్టాయి. వీలుంటే మీ రోగి మంచాన్ని కిటికీ వైపు తిప్పమని అడగండి. రోగి నిద్రపోయాక ఆవరణలోని వేప చెట్టు కిందికి మీరూ వెళ్లండి. ఎక్కడ కూర్చుంటున్నారో డ్యూటీలో ఉన్న నర్సుకు చెప్పి వెళ్తే సరి, ఫోన్ చూసుకుంటూ ఉండక్కర్లేదు.