టమోటా పూతకు తుమ్మెద కావాలి: మన పెరట్లో దానికి చోటుందా?



మదనపల్లె అంటే టమోటా. ఆ పువ్వును వీడియోలో దగ్గరగా చూడండి. పుప్పొడి గొట్టంలాంటి కేసరాల లోపల ఉంటుంది. గాలికి పువ్వు ఊగితే కొంత రాలి కాయ కడుతుంది. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని అదిరిస్తే పుప్పొడి బాగా రాలుతుంది, కాయ బాగా కడుతుంది. పొట్ట మీద నీలి చారలుండే ఈగ కూడా ఇదే పని చేస్తుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. వంగ పువ్వుదీ ఇదే కథ. అందుకే ఒకే రకం ఎన్ని ఉన్నా చాలదు, రకరకాల ఈగలు ఉండాలి.

ప్రపంచంలో తేనెటీగల కుటుంబానికి చెందినవి దాదాపు 20,000 రకాలు. వాటిలో ఎక్కువ శాతం తుట్టె కట్టవు, ఒంటరిగా నేలలో బొరియ చేసుకుంటాయి. తుమ్మెద ఎండు కొయ్యను, వెదురును తొలుచుకుంటుంది. కుట్టని చిన్న తేనెటీగలు చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో ఉంటాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి పట్టణాల్లో పెరటి పూలకు మరీ కరువు లేదు. మట్టి గోడలు పోయి, వాకిలంతా సిమెంటు పడితే కరువయ్యేది గూటికి చోటే. చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. కాబట్టి గూడు, పూలు దగ్గర దగ్గరగా ఉండాలి.

మనం కూడా ఒకటి ఆలోచించాలి. నేలను ఆచ్ఛాదనతో కప్పమంటాం. తేమకు, వానపాములకు అది మంచిదే. కానీ జానెడు కూడా వదలకుండా కప్పేస్తే, నేలలో గూడు పెట్టే ఈగకు దారేది?

ఇవి చేసి చూడండి:

- ఎండ తగిలే చోట, నీళ్లు నిలవని గట్టు మీద రెండు మూడు అడుగుల నేల కప్పకుండా, తవ్వకుండా వదలండి.
- ఎండు కొమ్మలు, వెదురు ముక్కలు వాన తగలని చోట కట్టి ఉంచండి.
- తులసి, మునగ, కంది, నువ్వులు, ధనియాలు ఒకటి తర్వాత ఒకటి పూసేలా పెట్టుకోండి. ముద్దబంతిలో రేకులే ఎక్కువ, ఈగకు దొరికేది తక్కువ.
- గులాబీ, కంది ఆకుల అంచులు గుండ్రంగా కత్తిరించి ఉంటే పురుగని మందు కొట్టకండి. అది గూటికి ఆకు తీసుకెళ్లే ఈగ పని.
- నీమాస్త్రం, అగ్నిఅస్త్రం అయినా సరే, ఈగలు వెళ్లిపోయాక సాయంత్రం పూటే పిచికారీ చేయండి.

రేపు ఉదయం మీ టమోటా, వంగ పూల దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఎన్ని ఈగలు వచ్చాయన్నది కాదు, ఎన్ని రకాలు వచ్చాయో లెక్కపెట్టండి.