నలుగురు చదువు వ్రాత

కళాశాల విద్యార్థి ఏడాది పొడవున ఎంతయో వ్రాయును. అధ్యాపకులు చెప్పిన పాఠములను నోటుపుస్తకములలో ఎక్కించుకొనును. పరీక్షలలో పుటలకు పుటలు నింపును. కాని ఆ వ్రాతను చదువువారెందరు? సమాధాన పత్రమును దిద్దువారొక్కరే. వారు కూడ ఒక్కసారి చదివి, మార్కులు వేసి, ప్రక్కన పెట్టుదురు. అది మరల విద్యార్థి కంట పడుట అరుదు. తాను వ్రాసినది ఇతరులకు అర్థమైనదా, ఎవరికైనను ఉపకరించినదా అను ప్రశ్న అతని మనస్సున పుట్టుటకు అవకాశమే లేదు.

ఈ లోటును తీర్చుటకు కొందరు అధ్యాపకులు అనుసరించు పద్ధతి ఒకటి కలదు. తరగతి అంతయు కలసి ఒక పత్రికను నడపుటయే ఆ పద్ధతి. పూర్వము అది లిఖిత పత్రికగానో గోడ పత్రికగానో ఉండెడిది; నేడు కంప్యూటరు మీదను, సెల్‌ఫోను మీదను కూడ సాగుచున్నది. రూపము మారినను సూత్రమొక్కటే. ప్రతి విద్యార్థియు తాను క్రొత్తగా నేర్చినదానిని గురించి వారమునకొకసారి నాలుగు మాటలు వ్రాయవలెను. తోటివారు చదివి సందేహములు అడుగవలెను. వ్రాసినవారు వానికి సమాధానము చెప్పవలెను. పని చిన్నదే, దాని వెంట అలవడు విద్యలు మాత్రము చిన్నవి కావు. అవి ఎట్టివో నల్లగొండ, మహబూబ్‌నగరు సీమల అనుభవమును ఆధారముగా గైకొని వివరింపదలచితిమి.

ఈ సీమలలో నలుగురి కొరకు తెలుగున వ్రాయుట బడి నేర్పిన విద్య కాదు. నిజాము పాలనలో ఉన్నత విద్య ఉర్దూలో సాగినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన భాష ఉర్దూయే. తెలుగింటి పిల్లవాడు ఒక విషయమును తన భాషలో విపులముగా వ్రాయ నేర్వవలెనన్నచో చాలవరకు తరగతి గది వెలుపలనే నేర్వవలసియుండెను. ఆ వెలుపలి పాఠశాలలు రెండు: ఒకటి గ్రంథాలయము, రెండవది పత్రిక.

1922 ఆగస్టులో షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నల్లగొండ నుండి ‘నీలగిరి’ వారపత్రికను ప్రారంభించిరి. ఆ నెలలోనే ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి గ్రామము నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ పత్రికను వెలువరించిరి. పత్రిక నడపుట అనగా వ్యాసములు వ్రాయుట మాత్రమే కాదు. వార్తను సేకరింపవలెను; నిజమో కాదో విచారింపవలెను; అక్షరములు కూర్పించి ప్రూఫులు దిద్దవలెను; అచ్చయిన ప్రతులను చందాదారులకు టపాలో పంపవలెను; వచ్చిన ఉత్తరములకు ప్రత్యుత్తరము వ్రాయవలెను. ఇన్ని పనులను ముందే నేర్చుకొని పత్రిక పెట్టుదమని కూర్చున్నచో ఆ పత్రికలు పుట్టియే ఉండెడివి కావు. పని ముందు వచ్చినది. దాని వెనుక నేర్పు వచ్చినది.

1926 మే 10న హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ పుట్టినది. దాని సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను భావము నాడొక వ్యాసములో వెలువడినది. దానికి ఘాటుగా ఒక ఖండనము వ్రాసి ఊరకుండవచ్చును. రెడ్డిగారు అట్లు చేయలేదు. ఊరూరి కవుల నుండి పద్యములను, జీవిత వివరములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. ఆక్షేపణకు ఆధారములతో సమాధానము చెప్పుట ఎట్లో దీనికన్న చక్కని పాఠము మాకు కనబడదు. వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును 1955లో పొందినది. అప్పటికి రచయిత మరణించి రెండేండ్లయినది.

నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతపు చెరువు మాదారములో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి కథ ఇంకను విశేషమైనది. చిన్నతనముననే తండ్రిని కోల్పోయి, ఇతరుల ఇండ్లలో వంట చేయుచు చదువు నేర్చిరి. హోటలులో పనిచేసిరి. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను ప్రకటించి, తామే మోసికొనిపోయి అమ్మిరి. ‘ప్రజల మనిషి’ నవలను రచించిరి. ప్రూఫులు దిద్దువాడు అక్షరమును చూచును. పుస్తకము అమ్మువాడు చదువరి ముఖమును చూచును. రెండును చూచినవారు గనుకనే తమ నవలలో పల్లె ప్రజల బ్రదుకును వారికి తెలిసిన మాటలలో చెప్పగలిగిరి.

ఈ మహనీయులతో నేటి విద్యార్థిని పోల్చుట మా ఉద్దేశము కాదు. వారిని తీర్చిదిద్దిన పరిస్థితిలోని మూడు అంశములను గుర్తింపుమని మాత్రమే చెప్పుచున్నాము. మొదటిది, చదువరి ఒకడు నిజముగా ఉన్నాడు. రెండవది, ఆ చదువరి ఎదురు ప్రశ్న వేయును. మూడవది, ప్రకటించుటకు గడువు కలదు. ఈ మూడును ఉన్నచోట మనిషి నేర్చుకొనక తప్పదు. తరగతి పత్రిక ఈ మూడింటిని చిన్న ప్రమాణములో కల్పించును.

నేడు ఉన్నత విద్య ఈ జిల్లాల ముంగిటికి వచ్చినది. 1956లో నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల ఏర్పడినది. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2008లో మహబూబ్‌నగరులో పాలమూరు విశ్వవిద్యాలయమును నెలకొన్నవి. తమ ఇంట మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు ఈ ప్రాంతపు విద్యార్థులలో పెక్కురు కలరు. వారికి తెలివి కొరవడలేదు, కొరవడినది ధైర్యము. ఇంగ్లీషులో వ్రాసినచో తప్పులు పోవునేమో అను భయము ఒకటి. తెలుగులో వ్రాసినచో తమ ఊరి మాట మోటుగా ఉండునేమో అను జంకు మరియొకటి. ఈ రెంటి నడుమ వారు గైడు పుస్తకములోని వాక్యములను శరణు చొచ్చుచున్నారు. పరీక్ష గట్టెక్కును. కాని ఊరికి త్రాగునీరు రాలేదని ఒక అర్జీ వ్రాయవలసి వచ్చిననాడు ఆ వాక్యము లేవియు అక్కరకు రావు.

తరగతి పత్రిక ఈ జంకును ఎట్లు పోగొట్టునో ఒక ఉదాహరణముతో చూతము. నల్లగొండ చెంత పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయము కలదు. అందు మూడు గర్భాలయములు. ఒకదానిలో లింగమునకు వెనుక గోడ మీద స్తంభము నీడ వంటిది పగలంతయు చెదరక నిలుచును. ఒక విద్యార్థి దీనిని గురించి వ్రాయబూనినాడనుకొందము. మొదటి ప్రతిలో “ఇది మహాద్భుతము” అని వ్రాసి ముగించును. తోటివారు ఊరకుందురా? ఆ నీడ ఏ స్తంభముది? ప్రొద్దు తిరిగినను నీడ తిరుగదేల? మబ్బు పట్టిననాడు ఎట్లుండును? అని అడుగుదురు. అంతట అతడు ఆలయమునకు పోయి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నిలిచి చూడవలెను. భౌతికశాస్త్ర అధ్యాపకుని అడుగవలెను. వెలుగు ఒక్క దిక్కు నుండి సూటిగా కాక, చెదరిన కాంతిగా స్తంభముల సందుల గుండ లోనికి ప్రవేశించుచున్నదనియు, ఒకటికి మించిన స్తంభములు కలసి ఆ నీడను కల్పించుచున్నవనియు తెలియును. రెండవ ప్రతిలో “మహాద్భుతము” అను మాట ఉండకపోవచ్చును. చదివినవారికి కలుగు ఆశ్చర్యము మాత్రము ఇనుమడించును. పరిశీలించుట, అడుగుట, పటము గీయుట, తిరిగి వ్రాయుట అను నాలుగు విద్యలు ఒక్క వ్యాసముతో అతనికి పట్టువడినవి.

మహబూబ్‌నగరు విద్యార్థికి పిల్లలమర్రి ఉన్నది. ఏడువందల ఏండ్లదని చెప్పుకొను ఆ వటవృక్షము కొమ్మ ఒకటి 2017 చివర కూలినది. చెదపురుగులు తొలిచినవని గుర్తించి, 2018లో మందు కలిపిన నీటిని సెలైను సీసాల ద్వారా బొట్టు బొట్టుగా చెట్టునకు ఎక్కించిరి. మనుష్యులకు చేయు వైద్యమును మ్రానుకు చేసిన ఈ వృత్తాంతమును వ్రాయవలెనన్నచో వృక్షశాస్త్రము కొంత తెలియవలెను. అటవీ శాఖ ఉద్యోగులను అడుగవలెను. ఆ నీడన పెరిగిన వృద్ధుల మాట వినవలెను. ఆ వృద్ధులు ‘ఊడలు’ అన్నచో ఊడలు అనియే వ్రాయవలెను. ఊరి మాటకు అచ్చులో చోటు దొరకిననాడు దానిని గురించిన జంకు దానంతట అదే తొలగును.

ఇక పద్ధతి విషయము. బాగుగా వ్రాయువారిద్దరు వ్రాయుటయు, తక్కినవారు చూచుచుండుటయు పత్రికలకు పట్టు తెగులు. దానికి మందు వంతులు వేయుట. ఐదుగురొక జట్టుగా ఏర్పడి, ఒకరు విషయము సేకరించుట, ఒకరు వ్రాయుట, ఒకరు సందేహములు అడుగుట, ఒకరు తప్పులు దిద్దుట, ఒకరు ప్రతి తీయుటయో టైపు చేయుటయో చేయవలెను. మరుసటి వారము పనులు మారవలెను. అధ్యాపకులు ఎర్ర సిరాతో ప్రతి తప్పును చుట్టక, ఒక వ్యాసములో ఒకటి రెండు ముఖ్యమైన లోపములను చూపిన చాలును. తోటివారి విమర్శ వ్రాతను గురించి ఉండవలెనే గాని వ్రాసినవారిని గురించి ఉండరాదు. ఈ నియమమును మొదటి వారముననే చెప్పవలెను.

రేడియోలో పనిచేయువారముగా మేము ఒక మాట చేర్చుచున్నాము. ప్రతి వ్యాసమును ప్రకటించుటకు ముందు ఒకసారి పైకి చదువవలెను. రేడియో శ్రోత పుట వెనుకకు త్రిప్పలేడు. విన్న వాక్యము విన్నంతనే అర్థము కావలెను. అందుచేతనే ప్రసంగపాఠమును ప్రసారమునకు ముందు గొంతెత్తి చదువుకొందుము. ఊపిరి చాలని చోట వాక్యము పొడవైనదని తెలియును. నాలుక తడబడిన చోట మాట కృతకమైనదని తెలియును. కంటికి దొరకని తప్పు చెవికి దొరకును.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షలకు సమయము చాలదందురు. వారమునకొక గంట చాలును. పైగా పాఠమును ఇతరులకు వివరించినవాడు దానిని సులభముగా మరువడు. ఇతరుల వ్రాతను ఎత్తి వ్రాయుదురందురు. నేడు యంత్రముల చేతనే వ్యాసములు వ్రాయించుకొను వసతి వచ్చినది గనుక ఈ శంక సమంజసమే. కాని పానగల్లు ఆలయములో సాయంకాలము నీడ ఎట్లున్నదో, తన తాత పిల్లలమర్రి క్రింద ఏమి చూచెనో ఎత్తి వ్రాయుటకు ఎక్కడను దొరకదు. విషయము దగ్గరిదైనకొలది దొంగతనమునకు తావు తగ్గును. మెప్పు కొరకే వ్రాయుదురను మూడవ ఆక్షేపణ కలదు. మెప్పు మొదటి మెట్టుగా ఉండుటలో దోషము లేదు. ఎదురు ప్రశ్నలు వచ్చుచున్నంత కాలము ఎవ్వరును ఆ మెట్టు మీదనే నిలువలేరు.

ఈ పనిలో గృహస్థులకును పాలు కలదు. కళాశాలకు పోవు కుమారుడో కుమార్తెయో ఇంట ఉన్నచో, మార్కులెన్ని వచ్చినవని అడుగుటతో సరిపుచ్చక, ఈ వారము ఏమి వ్రాసితివని కూడ అడుగుడు. రాత్రి భోజనమైన పిదప ఆ వ్యాసమును చదివించుకొని వినుడు. అవ్వకు అర్థము కాని వాక్యమును తిరిగి వ్రాయుమనుడు. వ్యవసాయమును గురించి తప్పు వ్రాసియున్నచో తండ్రి దిద్దవలెను; వంటను గురించి తప్పు వ్రాసియున్నచో తల్లి దిద్దవలెను. తమకు చదువు రాదని వారు వెనుకాడ నక్కరలేదు. వినువారికి తెలియని అక్షరములు ఉండవచ్చును. తెలియని బ్రదుకు లేదు.