కార్డు చెప్పని కాన్పు

విశాఖలో కాన్పు అనగానే ఘోషాసుపత్రి, కేజీహెచ్ పేర్లు వినిపిస్తాయి. ఇళ్లలో పురుళ్లు దాదాపు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంచిదే. కానీ సేవ ఎలాంటిదో ఈ అంకె చెప్పదు.

కార్డులో బీపీ గడి నిండి ఉంటుంది. నిజంగా చూశారా? రక్తం ఎంతుందో తల్లికి చెప్పారా? అదే సర్వేలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. మాత్రలు పంచితే సరిపోలేదన్నమాట. ఇక పెద్దాపరేషన్లు: ప్రైవేటులో నూటికి 63, సర్కారులో 27. ఇంత తేడా తల్లుల ఒంట్లో ఉందంటే మేము నమ్మం.

నొప్పుల వేళ తల్లి కోరిన మనిషి పక్కనుండాలనీ, మర్యాద కూడా వైద్యంలో భాగమేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పేటపేరు వినగానే మారే గొంతు మాల, మాదిగ తల్లులకు ఎరుకే. (ఊరందరికీ పురుళ్లు పోసిన మంత్రసానుల్లో ఎందరో ఆ పేటలవాళ్లే!) ఆ గొంతుకు కార్డులో గడి లేదు.

అందుకే సర్వేకి వెళ్లే విద్యార్థులు కార్డు చూసి తిరిగి రాకూడదు. ఆసుపత్రివాళ్లు లేనిచోట, బాలింతను ఆమె ఇంట్లోనే అడగాలి: తిట్టారా, డబ్బడిగారా, కోత ఎందుకో చెప్పారా, పక్కన ఎవర్ని ఉండనిచ్చారు?