బరువులు ఎత్తడానికి వేళ ఉందా?

తెల్లవారుజామున నాలుగింటికి లేచి తాలింఖానాకు వెళితేనే కండ పడుతుందని కొందరు పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. కాదు, సాయంత్రమే మంచిదని మరికొందరంటారు. బడికీ ట్యూషనుకూ మధ్య దొరికిన అరగంటలో డంబెల్స్ పట్టే మీకు సందేహం కలగడం సహజమే. వేళ తప్పితే పడిన శ్రమంతా వృథాయేనా?

ముందు ఒక చిన్న పని చెయ్యండి. నిద్ర లేవగానే థర్మామీటరుతో మీ నోటి ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. సాయంత్రం అయిదింటికి మళ్ళీ చూడండి. (అంతకుముందు అరగంటసేపు తినడం, తాగడం, పరుగెత్తడం పనికిరావు.) నాలుగైదు రోజులు ఇలా చేస్తే సాయంత్రపు అంకె సుమారు అర డిగ్రీ సెల్సియస్ ఎక్కువగా కనిపిస్తుంది. అది జ్వరం కాదు, కంగారుపడకండి!

ఈ హెచ్చుతగ్గులను నడిపే గడియారం మెదడులో, కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన ఉంది. 1729లో మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి మొక్కను చీకటిలో ఉంచినా, దాని ఆకులు వేళకు విచ్చుకొని వేళకు ముడుచుకున్నాయి. జీవుల లోపల గడియారం ఉందన్న ఆలోచనకు అది తొలి మెట్టు. పండ్ల ఈగలలో ఆ గడియారపు జన్యువులు ఎలా పనిచేస్తాయో వివరించిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక కండరాల సంగతి. ఒంట్లో వేడి కాస్త పెరిగితే కండరాలలో రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, నరాల వెంట ఆజ్ఞలు త్వరగా అందుతాయి. అందుకే చాలామందిలో ఉదయంకంటే సాయంత్రం బలం ఎక్కువ. ఆ తేడా తరచు నూటికి అయిదు నుంచి పది పాళ్ళు ఉంటుంది. అయిదు పాళ్ళే కదా అనుకోకండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి రెండు పద్ధతులలో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలుచుకున్నారు. స్వర్ణ, రజత పతకాలు పొందినవారు ఎత్తినది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు! 240లో అయిదు పాళ్ళంటే 12 కిలోలు. పోటీనాడు వేళ ఎంత పని చెయ్యగలదో మీరే ఊహించండి.

అయితే పోటీ వేరు, సాధన వేరు. శాస్త్రజ్ఞులు కొందరిచేత ఉదయం, మరికొందరిచేత సాయంత్రం వారాల తరబడి బరువులు ఎత్తించి చూశారు. రెండు జట్లలోనూ బలం, కండల మందం దాదాపు ఒకేలా పెరిగాయి. తమాషా ఏమిటంటే, ఉదయం సాధన చేసినవారికి ఉదయపు బలం పెరిగి, సాయంత్రంతో ఉన్న తేడా తగ్గింది. కనుక మీ పోటీలు ఉదయం జరిగేటట్లయితే ఉదయమే సాధన చెయ్యండి.

ఉదయం చేసేవారికి ఒక జాగ్రత్త. నిద్రలో వెన్నుపూసల మధ్యనున్న మెత్తలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. అందుకే లేవగానే మనం సుమారు ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంటాం. (గోడకు ఆనుకొని కొలిచి చూడండి.) అప్పుడు నడుము వంచితే ఆ మెత్తలపై ఒత్తిడి ఎక్కువ. గంటసేపైనా ఆగి, బస్కీలతో ఒళ్ళు వేడెక్కించి, ఆ తరువాతే బరువు ముట్టుకోండి.

కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదు, ఆ తరువాత విశ్రాంతిలో. పెరుగుదలకు తోడ్పడే హార్మోను గాఢనిద్రలో ఎక్కువగా ఊరుతుంది. మీ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా చదివి, నాలుగింటికే తాలింఖానాకు లేచేవారికి దక్కేది అయిదు గంటలే. అలాంటివారికి ట్యూషను ముందు దొరికే ఆ అరగంటే మేలు.